వజ్రం మింగిన క్రారవడి

ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్లన్నీ పరాయివాళ్ళు తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తున్నాయని, అది మన ఆత్మగౌరవానికి తలవంపులని పైవారికి ఒకనాడు ఉన్నట్టుండి తోచింది. పైన తోచింది కింద జీవోగా దిగడానికి ఎంతోసేపు పట్టదు. వానలు మొదలయ్యేలోగా బెజవాడలో మూలవ్యవస్థ సంచాలనాలయం అనే కొత్త కార్యాలయం వెలిసింది. దానికి త్రివిక్రమరావుగారు సంచాలకులయ్యారు. అంతకుముందు ఆయన చేపల శాఖలో ఉండేవారు. చేపలకూ కంప్యూటర్లకూ ఏమిటి సంబంధమని అడిగినవాళ్ళకు, "రెండింటికీ వలే కదండీ ఆధారం!" అని చిరునవ్వుతో జవాబిచ్చేవారు.

ఆ సంచాలనాలయం కన్న బిడ్డ పేరు 'వజ్రం'. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఇంటికి పునాదిలాంటిది. ఎవరి కంటా పడకుండా అడుగున ఉండి, పైనున్న సాఫ్ట్‌వేర్లన్నిటినీ మోస్తుంది. వజ్రం కూడా మోయడానికి సిద్ధమైంది. ప్రారంభోత్సవంలో మంత్రిగారు మీట నొక్కారు. సన్నాయి మోగింది. పెద్ద తెర మీద బంగారు అక్షరాలు వెలిశాయి.

'స్వాగతం! వజం.'

నాలుగో వరసలో కూర్చున్న విశాలాక్షి కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. పక్కనున్న ఖాదర్ బాషాను మోచేత్తో పొడిచింది.

"జ కింద ఒత్తేదయ్యా?"

"వస్తదేమో మేడం. తొలిరోజు కదా, సిగ్గుపడతందేమో," అన్నాడు ఖాదర్.

ఒత్తు రాలేదు. చప్పట్లు వచ్చాయి.

విశాలాక్షి ధ్రువపత్రాల సాఫ్ట్‌వేర్ నిర్వహణ విభాగానికి అధికారి. పుట్టిన తేదీ, కులం, నివాసం, ఏ పత్రం కావాలన్నా రాష్ట్రంలో ఆ సాఫ్ట్‌వేర్ నుంచే అచ్చవ్వాలి. చేత్తో రాసిన పత్రాలు చెల్లవని ఎప్పుడో తేల్చేశారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను పదేళ్ళుగా ఆమె, ఖాదర్, మరో నలుగురు కలిసి కంటికి రెప్పలా కాచుకొస్తున్నారు. ఎక్కడైనా తప్పు దొర్లితే ఫిర్యాదు వచ్చేది, దిద్దేవాళ్ళు, మర్చిపోయేవాళ్ళు. దాన్ని వాళ్ళు ఉద్యోగం అనుకునేవాళ్ళు.

వజ్రం వచ్చిన వారానికే ఫిర్యాదులు వరదెత్తాయి. ప్రమీల పమీల అయింది. రుద్రయ్య రుదయ్య అయ్యాడు. శ్రీకాకుళం జిల్లావారు మూకుమ్మడిగా శీకాకుళం వాసులైపోయారు. ఏ అక్షరానికైనా కింద ర ఒత్తు, అంటే చిన్నప్పుడు బడిలో క్రారవడి అని దిద్దించిన ఆ కొక్కెం, ఉంటే చాలు, అచ్చులో మాయమవుతోంది. మిగతా ఒత్తులన్నీ క్షేమం.

ఖాదర్ ఒక పూట కూర్చుని తవ్వితే సంగతి బయటపడింది. తప్పు వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో లేదు. అక్షరాలను అతికించే పని వజ్రానిది. వజ్రంలో ఆ పని రాసిన మహానుభావుడెవరో క్రారవడిని చెత్త అనుకుని, కనబడిన చోటల్లా ఊడ్చెయ్యమని ఒక వాక్యం రాసిపెట్టాడు. ఆ వాక్యం తీసేస్తే సరి. ఖాదర్ తన కంప్యూటర్‌లో తీసి చూపించాడు. 'ప్రభుత్వం' అని నిండుగా, మీసం మెలేసినట్టు అచ్చయింది.

"ఇంతేనా!" అంది విశాలాక్షి సంబరంగా.

"ఇంతే మేడం. వాళ్ళకి పంపితే సాయంత్రానికి దిద్దేస్తారు."

పాపం, ఖాదర్ కుర్రవాడేం కాదు. అయినా అలా అన్నాడు.

వజ్రానికి అప్పటికే దోషరహిత గుర్తింపు వచ్చి ఉంది. జీవోలో స్పష్టంగా రాశారు: 'వజ్రము నందు దోషములు లేవని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ఉన్నయెడల అవి ఇతరములకు చెందినవిగా భావించవలెను.' అందుకు తగ్గట్టే ఫిర్యాదు నమోదుచేసే చోట 'దోషము ఎవరిది?' అన్న ప్రశ్నకు నాలుగే జవాబులు పెట్టారు. వాడుకరిది, సాఫ్ట్‌వేరుది, కరెంటుది, దైవాధీనము. వజ్రానిది అని చెప్పడానికి చోటులేదు. ఖాదర్ కాసేపు ఆలోచించి దైవాధీనం మీద నొక్కి, తన దిద్దుబాటును జతచేసి పంపాడు.

రెండు వారాల తరవాత జవాబొచ్చింది. 'దోషరహితమైన వ్యవస్థ యందు దోషమును చూపుచున్న మీ ఫిర్యాదు తానే దోషభూయిష్టమగుటచే తోసిపుచ్చడమైనది.' వాళ్ళు రాసింది 'త్రోసిపుచ్చడమైనది' అనే. అచ్చు వేసింది వజ్రం మీద కనక 'తోసి' అయింది. అర్థం మాత్రం ఏమీ చెడలేదు.

విశాలాక్షి స్వయంగా వెళ్ళింది. త్రివిక్రమరావుగారు మర్యాదస్తులు. కూర్చోమన్నారు, కాఫీ తెప్పించారు.

"చూడండి విశాలాక్షిగారూ, ఫిర్యాదులు ఎవరికి వస్తున్నాయి? మీకు. నాకు ఒక్కటైనా వచ్చిందా? రాలేదు. మరి దోషం ఎవరి దగ్గరున్నట్టు?"

"మావి పైకి కనపడే పత్రాలు కాబట్టి జనం మాకు రాస్తున్నారు సార్. తప్పు అడుగున ఉంది. గోడ బీటలిస్తే గోడకి సున్నం కొడితే సరిపోదు కదండీ."

"అసలు మీ సాఫ్ట్‌వేరు క్రారవడిని కిందికి ఎందుకు పంపుతోంది?"

"పేరులో ఉంది కాబట్టండి."

"ఉన్నదల్లా పంపెయ్యడమేనా? ఒక వివేచన ఉండక్కర్లా?"

విశాలాక్షి కాఫీ చల్లారేదాకా చెప్పింది. ఆయన ఆసాంతం విని, ఆమె శ్రమను అభినందించి, పంపించేశారు.

నిర్వహణ విభాగంలో పనిచేసేవాళ్ళకు ఒక రోగం ఉంటుంది. తమది కాని తప్పుకైనా అడ్డదారి వెతక్కుండా ఉండలేరు. విశాలాక్షీ ఖాదర్ ఒక ఉపాయం పన్నారు. క్రారవడి ఉన్న పేర్లను అక్షరాలుగా పంపకుండా బొమ్మగా గీసి పంపడం. వజ్రం దాన్ని ఏ పువ్వో పక్షో అనుకుని ముట్టుకోలేదు. ప్రమీల మళ్ళీ ప్రమీల అయింది. శ్రీకాకుళానికి శ్రీ తిరిగొచ్చింది. నెల్లాళ్ళు ఆఫీసులో అందరూ నవ్వు మొహాలతో తిరిగారు.

నెల తిరిగాక మెమో వచ్చింది. 'నిషిద్ధ చిహ్నమును బొమ్మ మాటున దొంగచాటుగా రవాణా చేసినందులకు మీపై ఏల చర్య గైకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను.' వెంటనే వజ్రం కొత్త కూర్పు విడుదలైంది. అందులో బొమ్మలను పట్టుకునే తనిఖీ పెట్టారు. అన్నాళ్ళూ చెత్తగా ఊడ్చేసిన దాన్ని మొదటిసారి గుర్తుపట్టి మరీ ఆపారు. వజ్రంలో జరిగిన తొలి అభివృద్ధి అదే.

అయితే అంతటితో జనం ఊరుకోలేదు. పత్రాలు పట్టుకుని మండలాఫీసుల ముందు బారులు తీరారు. పత్రికల్లో వచ్చింది. దోషం లేకపోయినా గొడవ ఉందని పైవారు ఒప్పుకోక తప్పలేదు. వెంటనే కమిటీ వేశారు. భాషాశాస్త్రం నుంచి ఆచార్య సోమయాజులుగారు అధ్యక్షులు. త్రివిక్రమరావుగారు సమన్వయకర్త. విశాలాక్షిని 'సమాచార నిమిత్తం' పిలిచారు, అంటే మాట్లాడకూడదని అర్థం.

ఆచార్యులవారు గొప్ప పండితులు. ఆయన చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు.

"ఒకప్పుడు మనం క్రొత్త అనేవాళ్ళం, ఇప్పుడు కొత్త అంటున్నాం. ప్రాత పోయి పాత వచ్చింది. త్రాగుట తాగుట అయింది, మ్రాను మాను అయింది. బ్రతుకు ఏనాడో బతుకైంది. ఎవరైనా ఏడ్చారా? ప్రాకృతంలో పుత్రుడు పుత్తుడే. అంచేత క్రారవడిని వదిలించుకోవడం భాషకు సహజమైన పరిణామం. తెలుగుజాతి వెయ్యేళ్ళుగా నెమ్మదిగా చేస్తున్న పనిని వజ్రం ఒక్క రోజులో పూర్తి చేసింది."

త్రివిక్రమరావుగారికి కళ్ళు చెమర్చాయి. తమ యంత్రం చేస్తున్నది ఇంత గొప్ప పనని ఆయనకూ అంతవరకు తెలీదు.

విశాలాక్షి ఉండబట్టలేక, "వాడుకలో మాటలు మారడం వేరండీ, పిల్లల పేర్లు..." అంది.

"మీరు సమాచార నిమిత్తం వచ్చారు," అని గుర్తుచేశారు.

ఉత్తర్వు వెలువడింది. సమస్య వజ్రంలో లేదు, సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. పేర్లలో ఉంది. కాబట్టి ప్రజలు తమ పేర్లను 'వజ్రానుకూల నామములు'గా మార్చుకోవాలి. గెజెట్ ప్రకటన ఉచితం. ప్రతి మండలంలో ఒక నామ సహాయ కేంద్రం. పదిహేను రోజులపాటు క్రారవడి విసర్జన పక్షోత్సవాలు. బడిపిల్లల చేత ఊరేగింపు తీయించారు. పిల్లలు పట్టుకున్న అట్టల మీద 'ఒత్తు వద్దు, పేరే ముద్దు' అని రాసి ఉంది. ముందుగా సంపూర్ణ విసర్జన సాధించిన గ్రామానికి 'ఆదర్శ గామం' అని బిరుదు ఇచ్చారు. ఆ బిరుదు పత్రంలో అక్షరదోషం లేదని కలెక్టరుగారు సభాముఖంగా వివరించాల్సి వచ్చింది.

అందరికంటే ముందు ఆదర్శం చూపించింది త్రివిక్రమరావుగారే. ఒక సోమవారం ఉదయం ఆయన గది తలుపు మీద కొత్త ఇత్తడి పలక మెరిసింది. 'తివికమరావు, సంచాలకులు.' సిబ్బంది బొకేలిచ్చారు. ఖాదర్ ఆ పలక చూసొచ్చి, "మూడడుగులు కొలిచిన స్వామి పేరండీ పాపం, నడుం విరగ్గొట్టారు," అని గొణిగాడు.

పక్షోత్సవాలు ముగింపుకొస్తుండగా, ఒక గురువారం, దివిసీమ నుంచి నాంచారయ్య అనే ఆయన కూతురిని వెంటబెట్టుకుని విశాలాక్షి గదికి వచ్చాడు. రొయ్యల చెరువు మీద కాపలా పని ఆయనది. ఎన్ని కార్యాలయాల్లో తిరిగాడో గాని చొక్కా అంతా చెమటకి అట్టకట్టింది. ఆ పిల్ల పేరు చైత్ర. పదహారేళ్ళు. పశువైద్య పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. మార్కుల జాబితాలో చైత్ర అని ఉంది. నివాస ధ్రువపత్రంలో చైత అని వచ్చింది.

"రెండూ ఒకటైతేనే చేర్చుకుంటామంటన్నారమ్మా. సోమారం సాయంత్రంతో ఆఖరంట. మండలంలో అడిగితే పిల్ల పేరు మార్పించుకో, ఫ్రీ అన్నారు. మార్పిస్తే మార్కుల కాయితంలో తేడా వచ్చిద్ది. ఆళ్ళని అడిగితే ఆర్నెల్లు పట్టుద్దంటన్నారు. ఏం చెయ్యమంటారమ్మా?"

చైత్ర అప్పటిదాకా నేల చూస్తోంది. తలెత్తి, "నేను మార్చుకోను మేడం," అంది. "మా నాయనమ్మ పెట్టింది. చైత్రంలో పుట్టానని. చైత అంటే ఏంటండీ? మా ఊళ్ళో గేదెకి కూడా అర్థమున్న పేరే పెడతారు."

ఖాదర్ ఫక్కున నవ్వి, వెంటనే తమాయించుకున్నాడు. విశాలాక్షి నవ్వలేదు. ఎన్నో వందల ఫిర్యాదులు ఆమె చదివింది. వాటన్నిటికీ నంబర్లు ఉండేవి. ఈ ఫిర్యాదు ఎదురుగా నిలబడి, చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, ఏడుపు ఆపుకుంటోంది.

"పశువుల చదువే ఎందుకమ్మా?" అని అడిగింది.

"మా వైపు పశువుల డాక్టరు పేరుకే ఉన్నాడండీ. పోయినేడు మా గేదె ఈనలేక చచ్చిపోయింది. దూడ అడ్డం తిరిగింది. చెయ్యి పెట్టి సరిచెయ్యొచ్చంట. ఎవరికీ తెలీలా."

విశాలాక్షి వాళ్ళిద్దరినీ తీసుకుని సంచాలనాలయానికి వెళ్ళింది. తివికమరావుగారు పిల్లను ఆప్యాయంగా పలకరించారు. ఇత్తడి పలక వైపు చెయ్యి చూపించి, "చూడమ్మా, నేను రెండు వదిలేశాను. నువ్వు ఒక్కటి వదల్లేవా?" అన్నారు.

"మీకు ఉజ్జోగం వచ్చేసింది కదండీ," అంది చైత్ర.

ఆయన నొచ్చుకున్నారు. ఈ కాలపు పిల్లల్లో త్యాగబుద్ధి తగ్గిపోతోందని విశాలాక్షితో ఇంగ్లీషులో అన్నారు.

శనివారం పక్షోత్సవాల ముగింపు సభ. మంత్రిగారు వస్తున్నారు. విశాలాక్షి మనసులో ఒక ఆశ మిణుకుమంది. ఎందుకంటే ఆయనకిచ్చే సన్మానపత్రం వజ్రం మీదే అచ్చయింది. దాన్ని చదివితే ఆయనకు తప్పక కోపమొస్తుంది. మంత్రిగారికి కోపమొస్తే ఏ జీవో అయినా మధ్యాహ్నానికల్లా మారుతుంది. ఇది ఆమెకే కాదు, హాలులో ప్రతివాడికీ తెలుసు.

పత్రం చేతికిచ్చారు. మంత్రిగారు బిగ్గరగా చదవబోయి ఆగారు.

"'గౌరవ మంతి'... ఏందయ్యా ఇది? మంతి ఏంది?"

విశాలాక్షి కుర్చీ అంచుకు వచ్చింది. ఆచార్య సోమయాజులుగారు మైకు దగ్గరికి నడిచారు.

"అయ్యా, అది ప్రాచీన రూపం. ప్రాకృతంలో అచ్చంగా ఇదే మాట. రెండు వేల ఏళ్ళనాడు ఈ కృష్ణాతీరాన్ని ఏలిన రాజుల కొలువులో తమవంటివారిని మంతి అనే పిలిచి ఉంటారు."

మంత్రిగారి మొహం నెమ్మదిగా విచ్చుకుంది. "రాజుల కాలం నాటిదా?"

"అంతకు ముందుది కూడా కావచ్చు."

"మరి ఈ ముక్క ముందే చెప్పాలి కదయ్యా! నా కారు మీద కూడా ఇట్టాగే రాయించండి."

చప్పట్లు మారుమోగాయి. విశాలాక్షి కుర్చీలో వెనక్కి వాలింది. చప్పట్ల మధ్యలో ఆమెకు ఒకటి అర్థమైంది. తప్పును దిద్దమని అడిగినంత కాలం ఈ లోకంలో ఎవరూ దిద్దరు. తప్పుందని ఒప్పుకోవాలి కనక. వాళ్ళకు కావాల్సింది సన్నాయి మోగడానికి ఒక వంక.

సభ అయ్యీ అవగానే, హాలు వరండాలోనే తివికమరావుగారిని పట్టుకుంది. సంచిలో ఉన్న ఖాదర్ దిద్దుబాటునే, ఒక్క అక్షరం మార్చకుండా, కొత్త అట్టలో పెట్టి అందించింది. అట్ట మీద 'వజ్రం కీర్తి కిరీటంలో మరో కలికితురాయి: క్రారవడి సౌలభ్యం' అని పెన్నుతో రాసి ఉంది.

ఆయన అనుమానంగా చూశారు. "ఇది దోష నివారణ కాదు కదా?"

"దోషమే లేదు కదండీ సార్, నివారించడానికి. ఇది అదనపు అలంకారం. కోరినవారికి మాత్రమే."

"కోరినవారికి క్రారవడి కల్పించబడును..." ఆయన ఆ మాటను నోట్లో బెల్లం ముక్కలా తిప్పారు. "ఇది వేరే ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా ఉందా?"

"క్రారవడి సౌలభ్యం ఉందని ఇంతవరకు ఎవరూ ప్రకటించుకోలేదండి."

"అయితే మనమే మొదటివాళ్ళం!"

రెండు వారాలు తీసుకుని తోసిపుచ్చినదాన్ని ఆదివారం మధ్యాహ్నానికల్లా ఆమోదించారు. కమిటీ ఫోన్లోనే సమావేశమైంది. ఆచార్యులవారు, పరిణామం ఒక్కోసారి వెనక్కి కూడా నడుస్తుందని, దాన్ని పునరుజ్జీవనం అంటారని అభిప్రాయం ఇచ్చారు. విశాలాక్షి ఆనందంతో ఖాదర్‌కు ఫోన్ చేసి సోమవారం పొద్దున్నే చైత్ర పత్రం అచ్చు వేద్దామంది.

సోమవారం పొద్దున తివికమరావుగారు ఒక చిన్న విషయం చెప్పారు. సౌలభ్యం సిద్ధమే గాని ప్రారంభోత్సవం కావాలి. మంత్రిగారికి తీరిక పై వారం లేదు. ఆ పై గురువారం దశమి, బాగుంది.

"ఈ లోపల ఒక్క పత్రం సార్. సాయంత్రంతో ఆ పిల్ల సీటు పోతుంది."

"ప్రారంభం కాని సౌలభ్యాన్ని వాడటమంటే, మంత్రిగారు కత్తిరించాల్సిన రిబ్బను మనం కత్తిరించడం. నేను వినలేదనుకుంటాను."

విశాలాక్షి తన గదికి తిరిగొచ్చింది. తండ్రీకూతుళ్ళు వరండా బల్ల మీద కూర్చుని ఉన్నారు. నాంచారయ్య ఆమె మొహం చూసి ఏమీ అడక్కుండానే లేచి, "పద తల్లీ," అన్నాడు కూతురితో. చైత్ర లేవలేదు. ఆ పిల్ల బల్లను రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఆ పత్రం ఇలా ఇయ్యి," అంది విశాలాక్షి.

గెజిటెడ్ అధికారులు సంతకానికి వాడే ఆకుపచ్చ సిరా పెన్ను ఆమె సంచిలోంచి తీసింది. 'చైత' అన్న పేరు మీద కాస్త వంగి, త కింద నుంచి ఎడమ పక్కకు ఒక కొక్కెం లాగింది. పదేళ్ళుగా అక్షరాలతో కుస్తీ పడుతున్నా, చేత్తో క్రారవడి రాసి చాలా కాలమైంది. అయినా కొక్కెం చక్కగా వచ్చింది. పక్కన పొట్టి సంతకం చేసి, హోదా ముద్ర గుద్దింది.

"మేడం, చేత్తో దిద్దితే చెల్లదని ఉత్తర్వు ఉంది. మీ ఉజ్జోగం..." అన్నాడు ఖాదర్.

"ఉందిగా. నేనే కదయ్యా దాన్ని మన సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించింది," అంది ఆమె పెన్ను మూసేస్తూ. "ఆటో పిలు."

కాలేజీలో గుమాస్తా పత్రాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. ముందు మొహం చిట్లించాడు. తరవాత సిరా రంగు కనబడింది.

"గ్రీన్ ఇంకు! గెజిటెడ్ ఆఫీసరే దిద్దారా? అచ్చు కంటే ఇదే నయమండీ. అచ్చుదైతే ఎవడైనా వేయించుకోగలడు."

సాయంత్రం తలుపులు మూసేలోగా చైత్ర పేరు రిజిస్టరులో ఎక్కింది. నాంచారయ్య గేటు దగ్గర నిలబడి, దణ్ణం పెట్టాలో ఏం చెయ్యాలో తెలీక, విశాలాక్షి చేతిలో ఎండురొయ్యల పొట్లం పెట్టాడు. పొట్లం ఎప్పటినుంచి సంచిలో ఉందో, ఆటో అంతా అదే వాసన. ఆమె వద్దనలేదు. తిరిగొస్తూ దారి పొడుగునా తనలో తాను నవ్వుకుంది. భయం వేయాల్సిన చోట నవ్వెందుకొస్తోందో ఆమెకే తెలియలేదు.

దశమి గురువారం క్రారవడి సౌలభ్యం మహావైభవంగా ప్రారంభమైంది. తొలి లబ్ధిదారుగా తివికమరావుగారు వేదిక ఎక్కారు. మంత్రిగారు స్వహస్తాలతో ఆయనకు రెండు క్రారవడులు ప్రదానం చేశారు. త్రివిక్రమరావుగారు ఆనందబాష్పాలు తుడుచుకున్నారు. ప్రసంగాల్లో ఖాదర్ పేరు ఎవరూ ఎత్తలేదు. అతను వెనక వరసలో కూర్చుని, తెర మీద 'వజ్రం' అన్న మాటను మూడుసార్లు చదువుకుని, "వచ్చింది మేడం, సిగ్గు తీరింది," అన్నాడు.

ఆ మరుసటి వారమే విశాలాక్షి మీద విచారణ మొదలైంది. కాలేజీ గుమాస్తా ఆకుపచ్చ క్రారవడి గురించి గొప్పగా నలుగురికీ చెప్పాడట. ఆ కబురు చేరాల్సిన చోటికి చేరింది. విచారణాధికారి అభియోగం చదివారు.

"'గౌరవ మంత్రివర్యులు దశమినాడు ప్రారంభించవలసియున్న సౌలభ్యమును అంతకు పూర్వమే, ఆకుపచ్చ సిరాతో, అనధికారికముగా ప్రారంభించినారు.' నిజమేనా?"

"నిజమేనండి."

"ఎన్ని ప్రారంభించారు?"

"ఒకటేనండి."

"అక్కడితో ఎందుకు ఆగారు?"

"ఇంకో పిల్ల రాలేదండి."

విచారణాధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన మనవరాలి పేరు ప్రణతి అని తరవాత ఎవరో చెప్పారు. శిక్ష తగ్గించి రాశారు: దోషాలు వెతికే స్వభావం ముదిరినందున, ఆమెను కొంతకాలం దోషరహిత వాతావరణంలో ఉంచాలి. అంటే మూలవ్యవస్థ సంచాలనాలయానికి బదిలీ.

విశాలాక్షి భయపడుతూనే వెళ్ళింది. వెళ్ళాక నోరు వెళ్ళబెట్టింది. అక్కడ ఉత్సవాల విభాగం ఉంది. బహుమతుల విభాగం ఉంది. శాలువాలూ జ్ఞాపికలూ దాచడానికి రెండు గదులున్నాయి. వజ్రంలో ఏం రాసి ఉందో చదవగల మనిషి మాత్రం ఒక్కడూ లేడు. రాసినవాళ్ళు బొమ్మల తనిఖీ బిల్లు కూడా తీసుకుని వెళ్ళిపోయారు. దోషాలు లేవు కనక దిద్దేవాళ్ళ అవసరం లేదని ఆ కొలువులే రద్దు చేశారు. ఆమెకు ఒక మూల బల్ల, కంప్యూటరు ఇచ్చారు. పనేమీ చెప్పలేదు.

ఆమె వజ్రాన్ని మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. నాలుగో రోజుకు తల పట్టుకుంది. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పుట్టినవాళ్ళు వజ్రం లెక్కలో పుట్టనే లేదు. నూరేళ్ళు దాటిన వృద్ధులకు మళ్ళీ ఒకటో ఏడు నుంచి వయసు మొదలవుతోంది. ఇంటిపేరు నాలుగక్షరాలు దాటితే తండ్రి పేరు భర్త పేరుగా మారుతోంది.

పాత ఆఫీసుకు ఫోన్ చేసింది. "ఖాదర్, అక్కడ ఫిర్యాదులెలా ఉన్నాయి?"

"మామూలే మేడం. గుంటూరు నుంచి ఒక నూటమూడేళ్ళ ముసలాయన వచ్చి కూర్చున్నాడు. వయసు మూడేళ్ళే కాబట్టి అంగన్‌వాడీకి పొమ్మన్నారంట. ఏం చెయ్యమంటారు?"

"కూర్చోబెట్టి టీ ఇప్పించు. సాయంత్రానికి దిద్దేస్తా."

"మరి వాళ్ళు ఒప్పుకోవద్దా?"

విశాలాక్షి అప్పటికే కొత్త అట్ట తీసి, దాని మీద 'శతాధిక వృద్ధ గౌరవ సౌలభ్యం' అని గుండ్రంగా రాస్తోంది. ప్రారంభోత్సవం ముగిసేదాకా ఆగాల్సిన పని కూడా ఈసారి లేదు. ప్రయోగాత్మక పరిశీలన అని ఒక మాట చేరిస్తే ముందే నడిపించవచ్చని ఆమె ఆ పాటికి కనిపెట్టింది. దాని కింద లీపు సంవత్సర శోభ, ఆ కింద పితృనామ పరిరక్షణ ఉన్నాయి. త్రివిక్రమరావుగారు వాటిని చూసి, దోషరహిత వాతావరణం ఆమెలో ఎంత మార్పు తెచ్చిందో కదా అని పొంగిపోయి, మంత్రిగారి తీరిక కనుక్కోమని పీఏకి చెప్పారు.

ఆ ఏడాది పొడుగునా సంచాలనాలయంలో సన్నాయి మోగుతూనే ఉంది. వజ్రానికి కొత్త సౌలభ్యాలు అన్నీ ఇన్నీ కావు. ఏడాది చివర ఉత్తమ మూలవ్యవస్థ బహుమతి అందుకుంటూ త్రివిక్రమరావుగారు సగర్వంగా ప్రకటించారు: ఎంత నిశితంగా వెతికినా ఇంతవరకు అందులో ఒక్క దోషం కూడా బయటపడలేదు.